అడవి బాటల సంరక్షణ – మన బాధ్యత



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో అడవి మట్టిబాటల ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చును. అరకు, పాడేరు మన్యములో తారురోడ్డు ముగిసినచోట తపాలా సంచి ఆగిపోదు. అక్కడి నుండి గ్రామీణ డాక్ సేవకుడు మట్టిబాట పట్టవలసినదే. ఒక వానకాలమున అట్టి సోదరుడొకడు కోతపడిన బాటలో సైకిలుతో సహా పడి కాలు విరుగగొట్టుకొనెను. సంచి మాత్రము భద్రముగా చేరినది. ఆ బాటను తరువాత మేము నడచి చూచితిమి.

బండిచక్రము గాడి తీయును. ఆ గాడిలో వాననీరు చేరి పల్లమునకు దిగుకొలది వేగము పుంజుకొని మట్టిని కోయును. కొన్ని వానలకే బాట వాగు వలె మారును. కొట్టుకుపోయిన మట్టి గెడ్డలను పూడ్చి, దిగువ పొలములలో మేటవేయును.

నీటిని కొద్దికొద్దిగా, త్వరగా బాట దాటించుటయే దీనికి ఉపాయము. బాటను లోయవైపునకు మీటరుకు నాలుగైదు సెంటీమీటర్లు వాల్చవలెను. జిగటనేలలో బండి జారును గనుక అచ్చట కొండవైపున కాలువ తీసి తూములు వేయుట మేలు. నిట్రమైన చోట బాటకు ఏటవాలుగా చిన్న అడ్డుకట్టలు కావలెను. వాలు హెచ్చుకొలది అవి దగ్గరగా ఉండవలెను. నీరు దిగుచోట రాళ్లు పరువనిచో అచ్చటనే కొత్త గండి పడును. చదును చేయు యంత్రము బాట అంచున మట్టిగట్టు వదలిపోవును. చూపునకు అది ముచ్చటగానే ఉండును, కాని నీరు బయటికి పోవు దారిని మూసివేయును.

ఈ విద్య మన గ్యాంగు సోదరులకు కొత్తది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ ఓడరేవునకు చేర్చుటకై 1960వ దశకములో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ మార్గమున వారు వానలకు ముందే కొండకోతల పైకాలువలు, పక్కకాలువలు శుభ్రపరచుదురు. వానలలో గస్తీ తిరుగుదురు. అడవి బాటకు అట్టి దిక్కెవరు? వానలు వెలిసిన పిదప గుత్తేదారు గాడిలో వదులుమట్టి పోసి పోవును. మరుసటి వానకు అది గెడ్డపాలు.

2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఐదేండ్ల నిర్వహణ గుత్తలోనే చేర్చబడినది. మట్టిబాటకును అట్టి నియమము, ఆ గ్రామస్థులతోనే ఏర్పడిన స్థిరమైన పనిబృందము, తగిన కూలి కావలెనని మేము కోరుచున్నాము. మన శాఖలు మే నెలలోనే తమ తపాలా బాటలను నడచి చూచి, ఏ తూము పూడినదో, ఏ కట్ట తెగినదో వ్రాసి మాకు పంపవలెను.