పక్క మంచం మీది స్నేహితుడు

పట్టాలు అందుకున్న పిల్లలకు, వాళ్లను ఇంతవరకూ మోసుకొచ్చిన అమ్మానాన్నలకు అభినందనలు.

నేను మానసిక వైద్యుణ్ని. పండగ పూట ఈ మాటేమిటి అనుకోకండి. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. రోజుకు 35 మందికి పైనే.

విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో కోర్టు ఆదేశించింది. చాలా అవసరమైన ఆదేశం. అయితే రాత్రి రెండింటికి హాస్టల్ గదిలో కౌన్సెలర్ ఉండరు. పక్క మంచం మీది స్నేహితుడు ఉంటాడు.

ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే ఒకబ్బాయికి ఐదు బ్యాక్‌లాగ్‌లు. ఇంట్లో ఒక్కటీ తెలియదు. నిద్ర లేదు, మెస్‌కు రావడం మానేశాడు. ఒకరోజు తన కాలిక్యులేటర్ జూనియర్ చేతిలో పెట్టి, "ఉంచుకోరా, నాకిక అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట రూమ్మేట్ చెవిన పడింది. రాత్రి తలుపేసి సూటిగా అడిగాడు: "ఒరేయ్, చచ్చిపోవాలని గానీ అనుకుంటున్నావా?"

చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఏడుపు. రూమ్మేట్ నీతులు చెప్పలేదు. తెల్లారేదాకా పక్కనే కూర్చుని, పొద్దున్నే నా ఓపీకి తీసుకొచ్చాడు. "ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు సార్, తప్పాను" అన్నాడు బెదురుతూ. అంతకంటే మంచి పని ఏ స్నేహితుడు చేయగలడు? ఆ అబ్బాయి మందులు వాడాడు, ఏడాది ఆలస్యంగా పట్టా అందుకున్నాడు.

అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్నది అపోహ. అడిగితే బరువు కాస్త దిగుతుంది. ఒక్క మార్కుల కాగితమే ప్రాణం తీయదు. దాని వెనక అప్పు, కులం పేరుతో పడ్డ మాట, విరిగిన ప్రేమ, గుర్తించని డిప్రెషన్ నెలల తరబడి పేరుకుని ఉంటాయి. డిప్రెషన్ జబ్బు, దానికి వైద్యం ఉంది.

మీతోపాటే చేరి, సబ్జెక్టులు మిగిలిపోయి, ఇవాళ ఈ గౌను వేసుకోలేని వాళ్లు మీ బ్యాచ్‌లో ఉన్నారు. సాయంత్రం ఫొటోలు పెట్టేముందు వాళ్లకు ఒక ఫోన్ చేయండి. ఎత్తకపోతే గదికి వెళ్లండి. ఆ బాధ మీదే అయితే ఈ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.