కదిలితే గుండె బొమ్మ చెదురుతుంది



నేను ఇక్కడ అమెరికాలో పదిహేనేళ్ళుగా న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. అంటే గుండె స్కాను తీసేటప్పుడు యంత్రం పక్కన నిలబడి "కదలకండి" అని చెప్పే మనిషిని. ఈ రోజు ఆ ఒక్క మాట గురించే చెబుతాను. ఎందుకంటే మా అమ్మకి చిక్కొచ్చి పడింది ఆ మాట దగ్గరే.

ముందు స్కాను ఎలా జరుగుతుందో చూద్దాం. న్యూక్లియర్ స్ట్రెస్ టెస్టులో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు నరంలోకి ఎక్కిస్తారు. రక్తం బాగా అందే చోట గుండె కండరం ఆ మందుని ఎక్కువగా పట్టుకుంటుంది, అందని చోట తక్కువగా. అక్కణ్ణుంచి వచ్చే గామా కిరణాలని కెమెరా అందుకుంటుంది. మామూలు కెమెరా పేషెంటు చుట్టూ 180 డిగ్రీలు, అంటే అర్ధ ప్రదక్షిణ చేస్తుంది. దారిలో 60 చోట్లో 64 చోట్లో ఆగి, ఆగినచోటల్లా ఓ బొమ్మ తీస్తుంది. ఇదంతా పావుగంట, ఇరవై నిమిషాల పని. ఆ బొమ్మలన్నీ కలిపి కంప్యూటరు గుండె రూపం కడుతుంది.

ప్రదక్షిణ చేసేవాళ్ళు తిరగాలి గాని గుళ్ళో దేవుడు కదలకూడదు కదా! సగం దారిలో పేషెంటు జరిగితే, సగం బొమ్మల్లో గుండె ఒకచోట, మిగతా సగంలో ఇంకోచోట ఉంటుంది. అవి కలిపి కడితే, రక్తం శుభ్రంగా అందుతున్న గోడ మీద కూడా అందనట్టు ఖాళీ కనిపించవచ్చు. ఆరేడు మిల్లీమీటర్లు జరిగితే సాధారణంగా ఫరవాలేదు. అంతకు రెట్టింపు జరిగితే ఆ బొమ్మని నమ్మడం కష్టం.

దీనికి సాఫ్ట్‌వేరు ఉంది. ప్రతి బొమ్మలోనూ గుండె ఎక్కడుందో వెతికి, పక్కకి జరిగినవాటిని తిరిగి వరసలోకి తెస్తుంది. ట్రెడ్‌మిల్ దిగాక ఆయాసం తగ్గేకొద్దీ గుండె మెల్లగా పైకి జరుగుతుంది. అలాంటి పైకీ కిందకీ జరిగే కదలికని ఇది బాగానే సరిచేస్తుంది. కాని మనిషి ఒళ్ళు తిప్పితే దాని చేతిలో లేదు. గుండె పక్కనే కాలేయమో పేగులో మందుతో మెరుస్తుంటే, వాటినే గుండె అనుకొని బొమ్మని తప్పు వైపు జరిపే ప్రమాదమూ ఉంది. అందుకే సరిచేసిన బొమ్మతో పాటు సరిచెయ్యనిదీ చూడాలి.

ఇప్పుడు మా అమ్మ సంగతి. మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు ఛాతీలో బరువుగా ఉందంటే టెస్టు చేయించాం. మా ఆసుపత్రిలో కాదు, వేరేచోట. నేను బయట కూర్చున్నాను. మధ్యలో అక్కడి అమ్మాయి "ఆర్ యూ ఓకే?" అని అడిగిందట. పలకరిస్తే మొహం తిప్పకుండా ఎలా ఉంటుంది మా అమ్మ? సగం పక్కకి ఒరిగి "బాగానే ఉన్నానమ్మా" అందట.

ఆ మధ్యాహ్నం డాక్టరు, గుండె కింది గోడకి రక్తం తగ్గినట్టుంది, యాంజియోగ్రామ్ చేద్దాం అన్నారు. రిపోర్టులో కదలిక సరిచేశామనే రాసి ఉంది. తీసిన బొమ్మలన్నీ సినిమాలా వరసగా తిప్పి చూపించమని అడిగాను. సరిగ్గా మధ్యలో గుండె ఒక్క గెంతు గెంతింది. ఆ మందు కండరంలో నిలిచే ఉంటుంది, టెక్నీషియం సగానికి తగ్గడానికి 6 గంటలు పడుతుంది. అందుకని మళ్ళీ సూది గుచ్చకుండానే అదే రోజు ఇంకోసారి తీశారు. ఈసారి కింది గోడ మీద ఖాళీ లేదు. యాంజియోగ్రామ్ అక్కర్లేదన్నారు.

నేను ఈ పనిలో ఉన్నాను కాబట్టి అడగగలిగాను. మీరూ అడగవచ్చు. "స్కానులో కదిలారా? కదిలితే మళ్ళీ తీశారా?" అన్న రెండు ప్రశ్నలు చాలు.

ఇంటి దగ్గరే పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పండి: పడుకున్నాక ఎవరు పలకరించినా తల తిప్పక్కర్లేదు, అది అమర్యాద కాదు. దగ్గు వచ్చినా, కదిలినా దాచకుండా చెప్పమనండి. చేతులు తలపైకి ఎత్తి పడుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళలో భుజం పట్టేసినవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ సంగతి ముందే చెబితే దిండ్లు సర్దుతాం. ఇంగ్లీషు రాకపోతే ఇంటర్‌ప్రిటరుని అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి దాన్ని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, ఫోనులోనైనా సరే.

సాఫ్ట్‌వేరు చెదిరిన బొమ్మని సర్దగలదు. అమ్మ ఎందుకు కదిలిందో దానికి తెలియదు. అది మనకే తెలుస్తుంది.