వీధి దీపముల గడియారము

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీ ముందుంచదలచిన విషయము చిన్నది. వీధి దీపముల స్విచ్చి పెట్టెలోని పాత టైమరును గూర్చి నాలుగు మాటలు చెప్పుదుము. చలి దేశములలో ఇండ్లను వెచ్చజేయు పాత బాయిలర్లను వేళకు వెలిగించి, వేళకు ఆర్పునదియు ఇట్టి గడియారమే. అచ్చట అది తప్పినచో ఇల్లు చల్లబడును. ఇచ్చట తప్పినచో ఊరు చీకటిపాలగును.

మేము చూచిన యొక గ్రామమున మూడు దినములు వరుసగా రాత్రి తొమ్మిది గంటలవఱకు దీపములు వెలుగలేదు. నాట్లు వేసి తిరిగివచ్చు స్త్రీలు చెరువుగట్టు మీద తడుముకొనుచు నడచిరి. తెల్లవారిన పిదప ఎనిమిదిన్నర వఱకు అవే దీపములు ఎండలో వెలుగుచుండెను. కొందఱు పనివానిని నిందించిరి. మఱికొందఱు క్రొత్త పెట్టె కొనుటకు తీర్మానము వ్రాయ సిద్ధపడిరి. తుదకు ఒక సభ్యురాలు పెట్టె తెఱపించి చూడగా, సాయంకాలము ఆరు గంటల వేళ గడియారము 15 అంకె చూపుచుండెను. అనగా పగలు మూడు గంటలు! గాలివానకు కరెంటు మూడు గంటలు పోయినది. గడియారమును సరిదిద్దినవారు లేరు.

పాత టైమర్లు చాలవఱకు కరెంటుతోనే తిరుగును. కరెంటు పోయినప్పుడు నిలిచి, వచ్చినప్పుడు నిలిచిన చోటనుండియే బయలుదేరును. కొన్నింటిలో బ్యాటరీ యుండునుగాని అది పాతబడినచో ఉండియు లేనట్లే.

దీనివలన నష్టమెంత? 20 వాట్ల దీపములు 100 ఉన్న గ్రామమున గంటకు 2 యూనిట్లు ఖర్చగును. పగటివేళ దినమునకు ఒక గంట వృథాగా వెలిగినచో, సంవత్సరమునకు 730 యూనిట్లు. ఆ సొమ్ము పంచాయతీదే.

ఇక సరిదిద్దు విధానము. లైన్‌మన్‌ను పిలిపించి, పెట్టెకు కరెంటు ఆపించిన పిదపనే తెఱువవలెను. తీగలను మనము ముట్టరాదు. చక్రముపై 24 గంటల అంకెలుండును. సాయంకాలము ఆరు అనగా 18. 6 అనగా ఉదయము. ఇచ్చట పొరబడినచో రాత్రి పగలు తారుమారగును. చక్రమును బాణపు గుర్తు చూపు దిక్కునకే త్రిప్పవలెను. వెనుకకు త్రిప్పినచో పండ్లు చెడవచ్చును. చుట్టునున్న చిన్న మీటలలో సాధారణముగా ఒక్కొక్కటి 15 నిమిషములకు గుర్తు. సాయంకాలము ఆరున్నర మొదలు ఉదయము ఐదున్నర వఱకు 11 గంటలు గనుక, 44 మీటలను వెలుగు వైపునకు జరుపవలెను. పిదప చక్రమును ఒక చుట్టు త్రిప్పి, వెలుగు వేళను ఆర్పు వేళను ‘టిక్కు’మను చప్పుడు వినవలెను. చివరకు చక్రమును అప్పటి సరియైన గంటకు తెచ్చి నిలుపవలెను. స్విచ్చి ‘ఎల్లప్పుడు వెలుగు’ స్థానమున ఉన్నచో ఈ శ్రమయంతయు వ్యర్థము, దానినిగూడ చూడవలెను.

ఒకమాఱు సరిదిద్దిన చాలదు. హైదరాబాదు ప్రాంతమున నవంబరు చివర సూర్యుడు 5 గంటల 40 నిమిషములకే అస్తమించును. జూను చివర 6 గంటల 50 నిమిషములు దాటును. కోస్తాలో మఱికొన్ని నిమిషములు ముందు. కావున సంవత్సరమునకు నాలుగుసారులు మీటలు మార్చుట మంచిది.

ఈ పని అందఱిదన్నచో ఎవ్వరిదియు కాదు. వార్డుకొక సభ్యుని నియమించుడు. పెట్టె తాళపుచెవి ఎవరివద్ద నున్నదో వ్రాసి యుంచుడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి గడియారమును చూచి, సరిదిద్దిన తేదీని పుస్తకమున వ్రాయించుడు. క్రొత్త పెట్టెకు తీర్మానము వ్రాయుటకు ముందు, పాత పెట్టెను ఒకసారి తెఱపించి చూడుడు. చీకటి పడకముందే ఇల్లు చేరలేని శ్రమజీవి నడచు బాటకు వెలుగునిచ్చుట మన చేతిలోని పని.