పి53: దోషిగా నిలిచిన పదేండ్లు

భీమవరమున జన్మించి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలికామ్లమును, దాని ప్రతిద్వంద్వులను సిద్ధపరపించి, ఆ ప్రతిద్వంద్వులచే లుకీమియా బాలురకు తాత్కాలికముగనైనను ఉపశమనము కలుగునని సిడ్నీ ఫార్బర్ లోకమునకు చాటిన 1948వ సంవత్సరముననే కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరితము ఈ సభకు నేను వినిపింపవలసినది కాదు. రాచపుండుపై రసాయనాస్త్రమును ఎక్కుపెట్టినవారిలో అగ్రగణ్యుడైన ఆయన స్మృతికి, మానవ క్యాన్సర్లలో ఇంచుమించు సగమునందు చెడియుండు పి53 అను ఒక నియంత్రక ప్రోటీను చరిత్రను, నేను చిరకాలము పరిశీలించినదానిని, సమర్పించుచున్నాను.

వైరసులకును కంతులకును గల సంబంధమును గూర్చి అంతకుముందు నడిచిన సుదీర్ఘ పరిశోధనను మీరెరుగుదురు కావున 1979కి వచ్చెదను. లండనులో లేన్, క్రాఫర్డులును, ప్రిన్స్‌టనులో లింజర్, లెవీనులును, ఎస్‌వి40 అను కోతి వైరసుచే వికృతినొందిన కణములనుండి ఆ వైరసు ప్రోటీనును ప్రతిరక్షకములతో పట్టి లాగినపుడెల్ల, దానిని అంటుకొని కణముయొక్క సొంత ప్రోటీనొకటి, ఈ పి53యే, వెంటవచ్చుట చూచిరి. న్యూయార్కులో లాయిడ్ ఓల్డ్ బృందము, వైరసుతో నిమిత్తము లేకయే, రసాయనములచే పుట్టిన ఎలుకల కంతులందు అదే ప్రోటీనును ఆ యేడే కనుగొన్నది. ఆరోగ్యముగల కణములలో దాని జాడ దొరకుటయే కష్టము. కంతులలో అది విస్తారము. ఇంత సమృద్ధిగా ఉన్నది కావున ఇదియే దోషియని అనుమానము మొలకెత్తెను.

1984లో ఆ అనుమానము నిర్ధారణమయ్యెనని తోచినది. ఇజ్రాయెలులో ఓరెన్, రోటర్ మొదలగువారు, ఇతర దేశములందు మరికొందరు, రాస్ అను క్యాన్సరు జన్యువుతో జతపరచి పి53 జన్యుప్రతిని ప్రవేశపెట్టినచో కణములు వికృతినొందునని చూపిరి. పి53 క్యాన్సరు జన్యువుల పట్టికకెక్కినది. కాని అదే కాలమున హెచ్‌ఎల్-60 అను మానవ లుకీమియా కణములలో ఈ ప్రోటీనే లేదని రోటర్ బృందమే కనుగొన్నది. ఫ్రెండ్ వైరసుచే రక్తవ్యాధి పొందిన ఎలుకలలో ఈ జన్యువు ఛిన్నమై కనబడెను. దోషి లేని చోట దోషమెట్లు జరిగెను? లెవీన్ చేతనున్న జన్యుప్రతి కణములను మార్పజాలకపోగా, ఆయన జన్యువరుసలను పోల్చి చూడ, మార్పగలిగిన ప్రతులు ఉత్పరివర్తితములని తేలినది. 1989లో ఫిన్లే, హైండ్స్, లెవీనులు అవికలమైన పి53 కణవికృతిని అణచునని చూపిరి. ఆ యేడే వోగెల్‌స్టైన్ బృందము, పెద్దప్రేగు కంతులలో పదునేడవ క్రోమోజోముపై ఒక ప్రతి లోపించి, మిగిలిన ప్రతి చెడియుండుటను ప్రకటించినది.

ఇచ్చట నాకును, ఈ చరిత్రను వ్రాసిన మరికొందరకును గల వివాదమును దాచను. 1979 మొదలు 1989 వరకు గల పదేండ్లు దారితప్పిన కాలమనియు, వోగెల్‌స్టైన్ జన్యుపరిశీలనము వచ్చి వెలుగుచూపెననియు వారందురు. నేనొప్పుకొనను. 1984 నాటి ప్రయోగము అసత్యము కాదు. పాత్రలోని పదార్థము ఉత్పరివర్తితమని తెలియకపోవుటయే లోపము. పి53 నాలుగు అణువులు కూడినగాని పనిచేయదు. ఆ నాలుగింటిలో చెడినదొకటి చేరెనా, మంచివానిని కూడ నిర్వీర్యములను చేయును. కావున ఓరెన్ చూచినది నిజముగ జరుగు హానియే. ఆ కణసంవర్ధన ప్రయోగములు లేక, ఆ ఉత్పరివర్తితములు చేతికందక, 1989 నాటి తీర్పునకు సాక్ష్యమెక్కడిది? ఆ పదేండ్లను కొట్టివేయువారు, ప్రోటీను సమృద్ధిని దాని ప్రతాపముగ భావించు భ్రాంతిని సైతము అధ్యయనము చేయక విడిచిపెట్టుచున్నారు. ఆ భ్రాంతి నేటికిని రోగనిర్ధారణశాలలను వెంటాడుచున్నది.

ఎట్లనిన, మంచి పి53ను ఎండిఎం2 అను ప్రోటీను పట్టి నిమిషములలో నాశనమునకు పంపును. పి53 మరల ఎండిఎం2నే పుట్టించును. చెడిన పి53 ఆ పని చేయజాలదు కావున తాను పేరుకొనును, పి53ను పట్టు ప్రతిరక్షకములతో పరీక్షింపగా కణకేంద్రములు గాఢముగ రంగెక్కును. అంతమాత్రమున రంగులేమి ఆరోగ్యచిహ్నము కాదు: జన్యువు మధ్యలో తెగిపోయినచో ప్రోటీనే పుట్టదు, రంగే పట్టదు. ఇంచుమించు అన్నింటను ఈ జన్యువు చెడియుండు ఉచ్చశ్రేణి సీరస్ అండాశయ క్యాన్సరునందు, అతిగాఢమైన రంగును, పూర్తిగ రంగులేమిని, రెండింటిని అపాయసూచకములుగ చదువవలెను.

కాలము మించినదని అధ్యక్షులు సూచించుచున్నారు. మిగిలినది త్వరపడి చెప్పెదను. 1990లో, క్యాన్సరు తరతరముల వచ్చు లీ-ఫ్రౌమెని కుటుంబములందు ఈ జన్యుదోషము వంశానుగతమని తెలిసినది. 1993లో పి21 అను ప్రోటీను ద్వారా పి53 కణవిభజనమును నిలుపు విధము, 1994లో డి.ఎన్.ఏ.తో కూడిన పి53 ఆకృతి బయల్పడెను. 2003లో చైనా పి53 జన్యువునందించు జెండిసిన్ అను జన్యుచికిత్సకు అనుమతినిచ్చెను. 2004లో పి53నుండి ఎండిఎం2ను విడదీయు నట్లిన్‌లు వచ్చెను. ఈ నట్లిన్‌లు మంచి పి53 ఉన్నచోటనే ఫలించును, రక్తోత్పత్తిని సైతము బాధించును. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకీమియాలో ఈ జన్యువు లోపించినచో పాతపద్ధతి కీమోథెరపీని మానుట నేటి వైద్యాచారము.

సుబ్బారావుగారి ఫోలికామ్ల ప్రతిద్వంద్వులు ఒక ఎంజైమును నిరోధించును. పి53 విషయమున నిరోధించుట గాక చెడినదానిని నిలబెట్టవలసియున్నది. వై220సి అను ఒక్క ఉత్పరివర్తనమున ఏర్పడు గూటిలో ఇమిడి ఆకృతిని నిలుపు మందులు రోగులపై పరీక్షింపబడుచున్నవి. ఆర్175, ఆర్248, ఆర్273 స్థానములందు చెడిన పి53కు అట్టి సాధనము నేటికిని చికిత్సలోనికి రాలేదు. యువశాస్త్రజ్ఞులు దృష్టి నిలుపవలసినది ఆ మూడింటిపైననే.