ఛాతీ క్లియర్‌గా ఉంది, మరి ఆయాసం ఎందుకు?

నాలాగే గల్లీ క్లినిక్ నడిపే డాక్టర్ల కోసం, రాంగోపాల్‌పేట్ నుంచి ఈ ఎపిసోడ్. ఈ రోజు విషయం పల్మనరీ ఎంబోలిజం. అంటే, సాధారణంగా కాలి సిరలో గడ్డకట్టిన రక్తం కదిలివచ్చి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడటం.

"డాక్టర్ గారూ, నిన్నటి నుంచి మెట్లెక్కితే ఆయాసం" అంటారు. స్టెత్ పెడితే ఛాతీ క్లియర్. ఎక్స్‌రే, ఈసీజీ, ఆక్సిజన్ కూడా మామూలుగానే ఉండొచ్చు. గ్యాస్ అనో, టెన్షన్ అనో పంపేసే ముందు రెండు పిక్కలూ టేపుతో కొలవండి. తర్వాత వెల్స్ స్కోర్ వేయండి.

కాలిలో గడ్డ లక్షణాలుంటే 3. వేరే జబ్బు కన్నా ఇదే అనిపిస్తే 3. నాడి 100 దాటితే 1.5. నాలుగు వారాల్లో ఆపరేషన్ అయినా, మంచం పట్టినా 1.5. ఇంతకుముందు ఇలాగే గడ్డకట్టి ఉంటే 1.5. దగ్గులో రక్తం 1, క్యాన్సర్ 1.

మొత్తం 4 లోపు, లేదా సరిగ్గా 4 అయితే డి-డైమర్ చేయించండి. నెగెటివ్ అయితే ఈ జబ్బును పక్కన పెట్టొచ్చు. పాజిటివ్ అయితే జబ్బు ఉన్నట్టు కాదు, ఇన్ఫెక్షన్‌లోనూ పెరుగుతుంది, స్కాన్ కావాలి.

4 దాటిందా? డి-డైమర్ రిపోర్టు కోసం ఆగొద్దు. నెగెటివ్ వచ్చినా నమ్మలేం. నేరుగా సీటీ యాంజియోగ్రామ్ ఉన్న ఆసుపత్రికి పంపండి. గర్భిణులకు ఈ స్కోర్ మీద ఆధారపడకండి, అనుమానం వస్తే పంపడమే.

బీపీ పడిపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆటో ఎక్కించకండి, 108 పిలవండి. మినిస్టర్ రోడ్డు ట్రాఫిక్ మీకు తెలుసు కదా!