పాఠశాలలకు ఆయుధాలా? సిబ్బందా?

(కోల్‌కతాలో పాఠశాల ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థుల రక్షణకై ఉపాధ్యాయులకు తుపాకీ శిక్షణ ఇచ్చే విధానం కొన్ని దేశాలలో అమలులోకి వచ్చింది. మనకు దీనితో నిమిత్తం లేదని ఊరకుండజాలము. 2023 ఏప్రిల్ 26న ఈ రాష్ట్రంలోనే, పాత మాల్దా సమీపాన ముచియా చంద్రమోహన్ ఉన్నత పాఠశాలలో ఒక వ్యక్తి పిస్తోలుతో తరగతి గదిలో ప్రవేశించి పిల్లలను నిర్బంధించాడు. ఒక పోలీసు అధికారి యూనిఫారం విడిచి, సాధారణ దుస్తులలో సమీపించి, మీదికి దూకి అతనిని పట్టుకున్నాడు. పిల్లలందరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ గదిలో మరొక తుపాకీ ఉండి, ఇరువైపులా కాల్పులు జరిగి ఉంటే నడుమ నిలిచేది పసివారే గదా! అసలు ఆ వ్యక్తి గేటు దాటి తరగతి గది వరకు ఎట్లు రాగలిగాడన్నదే మనం ముందుగా అడుగవలసిన ప్రశ్న.

2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలపై జరిగిన దాడిలో 140 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు విద్యార్థులు. అనంతరం ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపాధ్యాయులు ఆయుధాలు ధరించడానికి అనుమతించింది. బోధనే తమ విధి అని అక్కడి ఉపాధ్యాయ సంఘం అభ్యంతరం తెలిపింది. 2015 జూలైలో స్వాత్ ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుని తుపాకీ పొరపాటున పేలి ఒక విద్యార్థి మరణించాడు. 2022 మే 24న అమెరికాలోని యువాల్డే పాఠశాలకు 370 మందికి పైగా సాయుధ పోలీసులు చేరుకున్నారు. అయినా హంతకుని ఎదుర్కొనడానికి గంటకు పైగా పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు బలైపోయారు. నిత్యం ఆయుధం పట్టే వృత్తిలోని వారికే సాధ్యం కానిది సుద్దముక్క పట్టిన చేతికి కొద్దిరోజుల శిక్షణతో సాధ్యమగునా?

శిక్షణ వద్దని మేము అనడం లేదు. 2004 జూలై 16న కుంభకోణం పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది చిన్నారులు దహనమైపోయారు. దరిమిలా 2009లో సుప్రీంకోర్టు, సురక్షితమైన పాఠశాల విద్యాహక్కులో భాగమని ప్రకటించి, మంటలు ఆర్పడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. మనకు కావలసినది అటువంటి శిక్షణ.

అయితే శిక్షణ పొందడానికి సిబ్బంది ఉండాలి గదా! 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తీర్పుతో ఈ రాష్ట్రంలో 25 వేలకు పైగా ఉపాధ్యాయ, ఉపాధ్యాయేతర నియామకాలు రద్దయ్యాయి. దోషులుగా తేలని ఉపాధ్యాయులకు కొంతకాలం కొనసాగే వెసులుబాటు లభించింది. గ్రూప్ సి, డి ఉద్యోగులకు అదీ లభించలేదు. నియామకాలలో అక్రమాలు చేసినవారు శిక్షార్హులే. కాని గేటు వద్ద నిలిచేవారు, గంట కొట్టేవారు, కొత్త ముఖాన్ని గుర్తుపట్టి ఆపేవారు లేకపోతే ఆ లోటును అనుభవించేది పిల్లలే.

కనుక ప్రతి పాఠశాలకు శాశ్వత కాపలా ఉద్యోగిని నియమించాలి. ఖాళీలను పారదర్శకంగా భర్తీ చేయాలి. అగ్నిమాపక, ప్రథమ చికిత్స శిక్షణను పనివేళలలో, జీతంతో ఇవ్వాలి. ప్రమాద సమయంలో పిల్లలను బయటకు చేర్చే అభ్యాసం క్రమం తప్పక జరపాలి. మన చేతికి తుపాకీ అందించి ప్రభుత్వాలు తమ చేతులు దులుపుకొనజూస్తే అంగీకరించజాలము. ఈ కోర్కెలను ప్రతి పాఠశాల శాఖలోనూ చర్చించి తీర్మానించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.