పొలం అడిగితే స్వార్థమా? బస్తర్ నుంచి రెండు సంగతులు



కిందటిసారి ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "దేశానికి ఉక్కు కావాలి, బస్తర్‌లో ఇనుప ఖనిజం ఉంది. నా పొలం ఇవ్వనని ఆదివాసీ పట్టుబడితే అది స్వార్థం కాదా సార్?" ఆ రోజు టైం చాలక ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇవాళ అక్కడి నుంచే మొదలుపెడతాను.

2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టాటా స్టీల్‌తో ఒప్పందం చేసుకుంది. బస్తర్ జిల్లా లోహండీగూడ ప్రాంతంలోని పది గ్రామాల్లో 1,707 మంది రైతులకు చెందిన దాదాపు 1,764 హెక్టార్లు సేకరించారు. అది ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభలు జరిపిన తీరు మీదే గ్రామస్తులు గొడవ పెట్టారు. కొందరు పరిహారం తీసుకున్నారు, కొందరు ముట్టుకోలేదు. 2016లో కంపెనీ తప్పుకుంది. కర్మాగారం రాలేదు, పొలమూ వెంటనే తిరిగి రాలేదు. 2018 చివర్లో ప్రభుత్వం మారాక, 2019 ఫిబ్రవరిలో గానీ రైతుల చేతికి పత్రాలు అందలేదు.

కంపెనీ తన లాభనష్టాలు చూసుకుని వచ్చింది, చూసుకునే వెళ్లింది. దాన్ని వ్యాపార నిర్ణయం అన్నాం. నేనూ తప్పుపట్టను. మరి రైతు కూడా లెక్క చూసుకున్నాడు. ఈ డబ్బు ఎన్నేళ్లొస్తుంది? పొలం పోతే పిల్లలేం తింటారు? ఆ లెక్కకు మాత్రం స్వార్థమని పేరు పెట్టాం. మా ఖమ్మం వైపు మిర్చి కోతలకు బస్తర్ నుంచి కూలీలు ట్రాక్టర్లలో, ఆటోల్లో వస్తారు. వాళ్లను చూసినవాళ్లకు ఆ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ విషయం ఎత్తారు. ఒక సమూహానికి తన ప్రయోజనాలుండటాన్ని ఆయన తప్పనలేదు. ఆ ప్రయోజనాలు ఇతరులతో కలవకుండా గోడ కట్టినప్పుడు, చేజిక్కించుకున్నది కాపాడుకోవడమే పరమార్థమైనప్పుడు, దాన్ని సంఘ వ్యతిరేక స్వభావం అన్నారు. "ఆదివాసీ కూడా ఉన్నది కాపాడుకుంటున్నాడు కదా" అని మీరు అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లోహండీగూడ రైతు ఎవరి పొలమూ అడగలేదు, తన బరువు ఎవరి నెత్తినా పెట్టలేదు. నన్ను అడిగి తీసుకోండి అన్నాడు, అంతే.

అయితే పల్లె ఏం చేసినా మంచిదేనని నేను అనను. అదే జిల్లాలో ఛింద్‌వాడా అనే ఊరుంది. 2025 జనవరి 7న అక్కడ మహరా కులానికి చెందిన ఒక క్రైస్తవ పాస్టర్ చనిపోయారు. ఊళ్లో పూడ్చనివ్వమని గ్రామస్తులు అడ్డుపడ్డారు. శవం జగ్దల్‌పూర్ మార్చురీలో ఇరవై రోజులుంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులూ భిన్నాభిప్రాయాలు చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, కుదరదని జస్టిస్ శర్మ. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్లమన్నారు.

ఇక్కడ ఊరు కాపాడుకున్నదేమిటి? ఎవరి పంటా పోయేది కాదు, ఎవరి తిండీ తగ్గేది కాదు. "మా ఆచారం, మా ఊరు" అన్న మాటలు లోహండీగూడలో వినిపించినవే. అక్కడ ఆ మాటలు బతుకు నిలుపుకోడానికి, ఇక్కడ పక్కింటివాణ్ణి బయటికి నెట్టడానికి. పైగా ఆ పక్కింటివాడు దళితుడు. మన ఊళ్లలో దళితుల శ్మశానాల గొడవలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

గ్రామసభ హక్కు కోసం నేను ఊరేగింపులో నడిచాను, మళ్లీ నడుస్తాను. అదే ఊరు ఒక శవానికి ఆరడుగుల నేల ఇవ్వనంటే ఊరికి ఎదురుగా నిలబడతాను. ఒకే నోటితో రెండు మాటలేమిటని మన మిత్రులే కొందరు కోప్పడుతున్నారు. వాళ్లూ ఇక్కడే ఉన్నారు. అడగండి, మాట్లాడుకుందాం.

జై భీమ్.